నీలం పోయేదాకా

మార్చి 6, గురువారం

అక్క బ్రెడ్డు నమలదు. ఈ ఉదయం గమనించాను. టీలో ముంచుతుంది, ఒక గుటక, అయిపోతుంది. మళ్ళీ ముంచుతుంది. నాలుగు ముక్కలకి నాలుగు గుటకలు.

"నములక్కా. అరగడం నోట్లోనే మొదలవుతుంది."

"మా డ్రైవరు హారన్ కొడితే నాకు అన్నీ మొదలవుతాయి" అని టికెట్ల సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. ఈ నెలంతా తనకి మొదటి బస్సే.

రేపు మూడో సంవత్సరం వాళ్ళకి ప్రాక్టికల్ పరీక్ష. సాయంత్రం దాకా ల్యాబులో సర్దుతూనే ఉన్నాను. ముప్పై ఎనిమిది స్టాండ్లు, ముప్పై ఎనిమిది పింగాణీ పలకలు, అయోడిన్ సీసాలు. స్టార్చ్ పలచగా కాచి వడగట్టాను. వాటర్ బాత్ ముప్పై ఏడు డిగ్రీల దగ్గర నిలబడటానికి గంట పట్టింది.

ప్రతి ఏడూ ఇదే ప్రయోగం. స్టార్చ్‌కి అయోడిన్ చుక్క తగిలితే ముదురు నీలం. ఆ స్టార్చ్‌లో కాస్త లాలాజలం కలిపి వెచ్చటి నీళ్ళలో పెట్టాలి. నిమిషానికి ఒక చుక్క తీసి పలక మీద అయోడిన్‌తో చూడాలి. నీలం, ఊదా, గోధుమ, చివరికి ఏ రంగూ మారకుండా అయోడిన్ పసుపే మిగులుతుంది. స్టార్చ్ అంతా విరిగిపోయిందని అర్థం. ఎన్ని నిమిషాలకి నీలం పోయిందో రాయాలి. అంతే.

లాలాజలం అనేది రికార్డులో మాట. మా అటెండర్ బాబాయ్ ఉమ్మి అనే అంటాడు.

నాకు ఈ ప్రయోగం ఇష్టం. కాన్వెంటులో సైన్సు సిస్టర్ ఒకసారి అన్నారు: ఎంజైము తొందరపెడుతుంది, బలవంతం చేయదు. ఎప్పటికో జరిగేదాన్ని ఇప్పుడే జరిగేలా చేసి, తను మాత్రం అరగకుండా తరగకుండా పక్కకి తప్పుకుంటుంది. అంత నెమ్మదస్తురాలు ఇంకెవరూ ఉండరని అప్పట్లో అనుకునేదాన్ని.

సొరుగులో కార్డు ఉంది. ఎప్పుడో టైపు కొట్టింది, అంచులు మెత్తబడ్డాయి. "నీలం పోవుటకు పట్టు కాలము: 4 నిమిషములు." ఎగ్జామినర్ బల్ల మీద పెట్టాను.

మార్చి 7, శుక్రవారం

ఒళ్ళు మండిపోతోంది. వరసగా రాస్తాను, లేకపోతే అన్నీ కలిసిపోతాయి.

ఎగ్జామినర్ గారు వేరే కాలేజీ నుంచి వచ్చారు. రెండు గంటల రైలుకి తిరిగి వెళ్ళాలట. ఆ మాట తొమ్మిదింటికే అందరికీ చెప్పేశారు.

బాబాయ్ మామూలుగానే ఒక టెస్ట్ ట్యూబు నిండా తన ఉమ్మి పోగుచేసుకుని వచ్చాడు. ఆయనది మహా చురుకు, రెండు నిమిషాల్లో నీలం హరీ అంటుంది. పరీక్ష భయానికి పిల్లలకి నోరు ఎండిపోతుందని ఈ సేవ. బల్లల మధ్య తిరుగుతూ అడుగుతాడు. "ఎవరికి కావాలి? తీసుకోండి, మొహమాటం వద్దు." సగం మంది డ్రాపర్లు చాచారు. మిగతా సగం నోట్లోదేదో కలిపి, పలక వైపు చూడకుండానే రాసేశారు.

మూడో బల్ల అమ్మాయి దగ్గర ఆగాడు.

"వద్దు బాబాయ్. అది నాది కాదు కదా."

"పాసైన కాగితం నీదే అవుతుంది తల్లీ."

"వద్దులే."

ఆ అమ్మాయి చేస్తున్నంతసేపూ నేను పక్కనే ఉన్నాను. కొలతల్లో తప్పు లేదు. డ్రాపర్ మార్చి మార్చి కడిగింది. నాలుగో నిమిషం, నీలం. ఏడో నిమిషం, నీలమే. చుట్టూ అందరూ రాసేసి పలకలు కడిగేసుకున్నారు. పదకొండో నిమిషంలో పసుపు వచ్చింది. పదకొండు అని రాసింది.

ఎగ్జామినర్ గారు నోటుబుక్కు ఎత్తి పట్టుకున్నారు. "పదకొండా? స్టార్చ్‌కి సెలవిచ్చావా ఏంటమ్మా?"

అందరూ నవ్వారు.

"మళ్ళీ చూసి రాయి."

"చూసే రాశాను సార్."

"ఆ చూడటం కాదు" అని పక్కమ్మాయి నోటుబుక్కు వైపు కనుబొమ్మ ఎగరేశారు.

ఆ అమ్మాయి కదల్లేదు. ఆయన నా వైపు తిరిగి "ఏమ్మా డిమాన్‌స్ట్రేటర్, పద్ధతి సరిగ్గానే చేసిందా ఈ అమ్మాయి?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే ముందుకి వెళ్ళిపోయారు. రైలు గొడవ.

ముప్పైకి పది వేశారు. పన్నెండు రావాలి.

మెట్ల మీద వెళ్తూ ఎవరో "నత్తా, ఓ నత్తా, నీ ఉమ్మి ఇంకా బయల్దేరలేదా!" అని పిలవడం వినిపించింది. పరీక్షలో తప్పిన అమ్మాయికి గంటలోపే పేరు కూడా పెట్టేశారు.

మార్చి 8, శనివారం

ముప్పై ఏడు మంది. అందరికీ నాలుగు. ముప్పై ఏడు నోళ్ళకీ కలిపి ఒకటే ఉమ్మి.

మార్చి 10, సోమవారం

నత్త వచ్చింది. (ఆ పేరుతో రాయకూడదు. కానీ ఆ అమ్మాయే తలుపు దగ్గర నిలబడి "నేనే మేడమ్, నత్తని" అంది. నవ్వుతూ అంది గానీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.)

పెద్దాసుపత్రి రక్తపరీక్షల ల్యాబులో తనకి చోటు ఇస్తామన్నారట. ఒకటో తారీకుకల్లా పాసైన కాగితం చూపించాలి. చూపించకపోతే లిస్టులో తర్వాతి పేరు. ఇక్కడ మళ్ళీ పరీక్ష అంటే వచ్చే మార్చి.

"అక్కడ ఏ సీసాలో ఎంత ఉందో చూసి రాయడమే పని మేడమ్. అక్కడ కూడా సొరుగులో కార్డు ఉంటుందా?"

బల్ల మీది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాను.

"ఎగ్జామినర్ సార్ మిమ్మల్ని అడిగారు కదా. మీరేదో చెప్తారనుకున్నాను. ఆయన కూడా చాలాసేపు మీ వైపే చూశారు."

చాలాసేపు ఏం కాదు. ఆ అమ్మాయి కంగారులో ఉంది, అలా అనిపించి ఉంటుంది.

మా ప్రిన్సిపాలు పెద్ద మేడమ్‌తో మాట్లాడతానని చెప్పాను. రేపు.

మార్చి 11, మంగళవారం

పెద్ద మేడమ్ గదిలో ఎవరో ఉన్నారు. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళాను.

అంత గాబరా పడాల్సిన పని లేదేమో కూడా. ఇంత అన్యాయం ఎలాగూ బయటపడుతుంది. ఎవరో ఒకరు అడుగుతారు.

అక్క అడిగింది, ఎందుకలా ఉన్నావని. చెప్పాను. మొత్తం విని "అయితే ఇదంతా ఉమ్మి గొడవా?" అంది. అమ్మ వంటగదిలోంచి "తినేటప్పుడు ఆ మాటలేంటే!" అని అరిచింది.

"ఉమ్మి గొడవ కాదక్కా. నిజం రాసిన ఒక్క పిల్లనీ తప్పించారు. అబద్ధం రాసిన ముప్పై ఏడు మందినీ పాస్ చేశారు. వాళ్ళకి సిగ్గైనా లేదు. హాయిగా కూర్చుని సమోసాలు తిన్నట్టు—"

అక్కడ ఆగిపోయాను. వాళ్ళు ఏమీ తినలేదు. కోపంలో నోటికేదొస్తే అది.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావ్? మీ మేడమ్‌కి చెప్పు."

"చెప్తాను."

"నోట్లో నాలుక లేని దానివి, ఉమ్మి గురించి ఏం చెప్తావ్ లే."

మార్చి 12, బుధవారం

పెద్ద మేడమ్ సెలవు.

మార్చి 13, గురువారం

మాట్లాడేముందు చేతిలో ఆధారం ఉండాలి కదా. అందుకే మధ్యాహ్నం క్లాసులయ్యాక కొలిచాను.

ల్యాబులో నేను కాక ఐదుగురు. నత్త, బాబాయ్, లైబ్రరీ అసిస్టెంటు, ఇద్దరు మొదటి సంవత్సరం పిల్లలు. అదే స్టార్చ్, అదే వాటర్ బాత్, అదే గడియారం. టెస్ట్ ట్యూబులో ఉమ్మండి అనేసరికి లైబ్రరీ ఆవిడ సిగ్గుతో గోడ వైపు తిరిగింది. బాబాయ్ "నాకెందుకమ్మా పరీక్ష, నేను ఎప్పుడో ప్రమోషన్ మీద ఉన్నా" అని మీసం దువ్వుకున్నాడు.

బాబాయ్‌ది రెండు నిమిషాలు. లైబ్రరీ ఆవిడది ఆరున్నర. మొదటి సంవత్సరం పిల్లలకి ఒకరికి మూడు, ఒకరికి ఎనిమిది. నత్తది మూడుసార్లు చేశాను. పదకొండు, పదకొండున్నర, పదకొండు. ఆ తర్వాత నత్త చేతులతోనే, నత్త కాచిన స్టార్చ్‌లోనే బాబాయ్‌ది వేయించాను. రెండు నిమిషాల్లో పసుపు. అంటే పద్ధతిలో తప్పు లేదు, చేతిలో తప్పు లేదు. ఒక్కొక్కరి ముక్కు ఒక్కో పొడవు ఉన్నట్టు ఒక్కొక్కరి ఉమ్మి ఒక్కో చురుకు. ఇది ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది.

ఒక్కరికీ నాలుగు రాలేదు.

"మరి ఈ నాలుగు ఎక్కడిది బాబాయ్?" అన్నాను.

ఆయన తుడుస్తున్న గుడ్డ ఆపాడు. "అది ఉమ్మిది కాదుగా పాపా. పొడిది."

"ఏ పొడి?"

"అప్పట్లో సీసాలో పొడి వచ్చేది. అదే కలిపేవాళ్ళు. చిటికెడు తూచి నేనే ఇచ్చేవాణ్ణి. అందరికీ ఒకటే పొడి, అందరికీ నాలుగే వచ్చేది. పంతొమ్మిదేళ్ళయింది అది రావడం మానేసి. అప్పటి సార్, పొడి లేకపోతేనేం, నోట్లో ఉందిగా, ఉమ్మించండి అన్నాడు. ఉమ్మించాం."

"కార్డు?"

"కార్డు మార్చమని ఎవరూ చెప్పలేదు."

కిటికీ దగ్గరికి వెళ్ళి, పెన్సిలు ముక్కలు వేసుకునే ముదురు రంగు సీసా తెచ్చి చూపించాడు. లేబులు సగం చిరిగింది. అదే టైపు మిషను అక్షరాలు. పొడి పేరు, కింద "4 నిమి."

నేను ఆ సీసా పట్టుకుని నిలబడిపోయాను. పంతొమ్మిదేళ్ళు! ప్రతి ఏడూ పిల్లలు తమ నోటిదాన్ని ట్యూబులో పోసి, ఎప్పుడో ఖాళీ అయిన సీసాలోని పొడికి పట్టిన సమయాన్ని తమదని రాసుకుంటూ వచ్చారు. ఎవరికి వాళ్ళు, తన ఒక్కదానికే తప్పు వచ్చిందేమోనని, పక్కవాళ్ళకి తెలియకుండా.

నత్త సీసా తీసుకుని లేబులు చదివింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పడీ పడీ నవ్వింది.

"అంటే మేడమ్, నేను సీసాలా ఉమ్మలేదని తప్పించారు!"

ఒక సంగతి రాయడం మరిచాను. ఉమ్మి కలపని ట్యూబు ఒకటి పోలికకి పెట్టాం. సాయంత్రం తాళం వేసేముందు అందులోంచి చుక్క తీసి చూశాను. మధ్యాహ్నం ఎంత నీలమో అంతే నీలం. ఎలాగూ జరిగేదే అయినా, తనంతట తాను జరగాలంటే ఇంత నెమ్మది.

మార్చి 14, శుక్రవారం

వెళ్ళాను. సీసా, కార్డు, కొలతల కాగితం బల్ల మీద పెట్టాను. చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్ళాను, చదివాను. తల ఎత్తకుండా చివరిదాకా చదివాను.

పెద్ద మేడమ్ ఈ కాలేజీకి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. ఆవిడకి ఈ సీసాతో ఏ సంబంధమూ లేదు. అందుకే నా వైపు నిలబడతారనుకున్నాను.

సీసా మూత తీసి, లోపలి పెన్సిలు ముక్కలు చూసి, మూత పెట్టేశారు.

"చూడు బంగారం. నీకు కష్టంగా ఉంది, నాకర్థమైంది. కానీ పంతొమ్మిదేళ్ళ బ్యాచ్‌లు. వాళ్ళలో లెక్చరర్లు ఉన్నారు, ఆసుపత్రుల్లో చేసేవాళ్ళున్నారు. అందరూ దొంగ రీడింగులు రాశారంటావా?"

అవును మేడమ్, అనాలి. "అది కాదు మేడమ్" అన్నాను.

"కాదు కదా! మరి? ఆ పిల్లకి నేను అన్యాయం చేయను. సోమవారం మళ్ళీ చేయిద్దాం. నువ్వే సాక్షి సంతకం పెట్టు. మీ బాబాయ్ దగ్గర... ఉంటుందిగా, ఆ ట్యూబు. నాలుగు వచ్చిందని రాస్తే నేను మార్కులు సరిచేసి పంపిస్తాను. ఒకటో తారీకు లోపే కాగితం చేతికొస్తుంది. అందరూ సుఖంగా ఉంటారు."

"ఆ నాలుగు ఆ అమ్మాయిది కాదు మేడమ్."

"నీదీ కాదు, నాదీ కాదు. ఎవరిది చెప్పు? ఆ కార్డు జోలికి మాత్రం వెళ్ళకు, బంగారం."

బంగారమట! కోపం వస్తే అరిచే మనిషితో ఎలాగైనా నెగ్గుకు రావచ్చు. ఈ మెత్తదనంతో ఏం చేయాలి? ఆవిడ గదిలోంచి వస్తూ "థాంక్యూ మేడమ్" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియడం లేదు. దారి పొడవునా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను.

మార్చి 15, శనివారం

నత్తకి ఫోన్ చేసి సోమవారం రమ్మన్నాను. బాబాయ్ ట్యూబు సంగతి కూడా చెప్పాను. "ఎన్నింటికి రావాలి మేడమ్?" అని మాత్రం అడిగింది.

మార్చి 17, సోమవారం

పదింటికి మొదలుపెట్టాం. ల్యాబులో ముగ్గురమే. బాబాయ్ ట్యూబు స్టాండులో పెట్టి, దూరంగా వెళ్ళి కిటికీలు తుడవడం మొదలెట్టాడు. తుడిచిన కిటికీనే మళ్ళీ తుడుస్తున్నాడు.

నత్త చేతులు కడుక్కుంది. స్టార్చ్ కొలిచింది. ట్యూబు చేతిలోకి తీసుకుని అలాగే పట్టుకుంది.

"పెట్టేస్తాను మేడమ్. పర్లేదు. మా అమ్మ కూడా పెట్టేయమంది. ఒక్కసారి. ఆసుపత్రిలో చేరాక అన్నీ సరిగ్గా చూసే రాస్తాను."

నాకు అప్పుడు కోపం వచ్చింది. ఆ అమ్మాయి మీద కాదు. ఆ "ఒక్కసారి" మీద. అంత మంచి పిల్ల నోటి వెంట అంత తేలిగ్గా ఆ మాట వచ్చేలా చేసినందుకు. చేయి చాచి ఆ ట్యూబు లాక్కుని సింకులో పోసేశాను. కుళాయి తిప్పాను.

"అయ్యయ్యో! పొద్దున్నించి పోగుచేసింది తల్లీ!" బాబాయ్ కిటికీ దగ్గర్నుంచి.

"నీది నువ్వే పెట్టు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పెట్టింది. పదకొండు నిమిషాలు ఎంత పొడుగు ఉంటాయో ఈ రోజు తెలిసింది. ఆరో నిమిషం దగ్గర బాబాయ్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎనిమిది దగ్గర "కానీవే, కానీ" అని ట్యూబుని బతిమాలాడు. తొమ్మిది, ఊదా. పది, గోధుమ. పదకొండు, పసుపు. కాగితం మీద పదకొండు అని నత్త రాసింది. కింద నేను సంతకం పెట్టాను. సమయం, ఉష్ణోగ్రత కూడా రాశాను.

పెద్ద మేడమ్ కాగితం చూశారు. మెత్తదనం పోయింది.

"సరే. నిజాయితీ కావాలి, అంతేగా? పరీక్షల బోర్డుకి రాసుకో. కానీ ఊరికే ఒక సీసా, ఒక అటెండరు మాట పట్టుకెళ్తే నవ్వుతారు. ఈ కాలేజీలో చదివిన ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, 'నాకు వచ్చింది వేరు, కార్డు చూసి నాలుగు రాశాను' అని రాసిచ్చి సంతకం పెట్టమను. వాళ్ళ రికార్డు జతచేయి. అప్పుడు బోర్డు వింటుంది. నేనే ముందు సంతకం పెట్టి పంపిస్తాను, పో."

వాళ్ళు దొరకరని ఆవిడకి తెలుసు.

మార్చి 18, మంగళవారం

ఈ రోజు ముప్పై ఏడు మందిలో పంతొమ్మిది మందిని కలిశాను. మిగతావాళ్ళకి ఫోన్లు.

"మేడమ్, నాకు నిజంగానే నాలుగు వచ్చింది." (కళ్ళు నేల మీద.)

"నత్త కోసం నేను మునగాలా మేడమ్?"

"మా నాన్నగారిని అడగాలి." సరే అడుగు అన్నాను. "ఆయన ఒప్పుకోరు మేడమ్."

"నేను రాయనని కాదు. ఎవరైనా ఒకరు ముందు రాస్తే రెండో సంతకం నాదే." ఈ మాట పదకొండు మంది అన్నారు! పదకొండు మంది రెండోవాళ్ళు, ఒక్కరూ మొదటివాళ్ళు కారు.

ఒకమ్మాయి అయితే నన్నే ఎదురడిగింది. "అబద్ధమని మీకు తెలిసినప్పుడు ఆ రోజే ఎందుకు ఆపలేదు మేడమ్?" పొగరు. ఎవరితో మాట్లాడుతున్నానన్న ధ్యాస కూడా లేదు.

బోర్డు ఆఫీసులో విచారించాను. ఈ నెల ఇరవై దాటితే మార్కులు ప్రకటించేస్తారు. ఆ తర్వాత రాసినా లాభం లేదు. ఎల్లుండి ఇరవై.

మార్చి 19, బుధవారం

ఒక్కరూ రాలేదు.

వాళ్ళకి ఏం పోతుంది? ఒక కాగితం. నాలుగు లైన్లు. ఆ అమ్మాయి జీవితం అటో ఇటో అయిపోతుంటే, చేతులు దులుపుకుని సినిమాలకి వెళ్తున్నారు. కాన్వెంటులో హోంవర్కులో ఒక లైను ఎగ్గొడితే మాకు మేమే లేచి నిలబడేవాళ్ళం. ఈ పిల్లలకి అదేం నేర్పలేదా ఎవరూ? పిరికితనానికి కూడా ఒక హద్దుండాలి.

ఇదంతా అక్కతోనూ అన్నాను. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చుంది. అరగంట విన్నది.

"ఒకటి చెప్పనా? నా బస్సులో చెకింగ్ వాళ్ళు ఎక్కినప్పుడు అందరికంటే ఎక్కువ గొంతు చించుకునేది ఎవరో తెలుసా?"

"ఎవరు?"

"టికెట్ లేనివాడు."

"అయితే?"

"అయితే ఏం లేదు. ఆ తువ్వాలు ఇలా పడెయ్."

పడేశాను. తర్వాత చాలాసేపు ఒక పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. ఏ పుస్తకమో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

మార్చి 20, గురువారం

ఉదయం ల్యాబు తెరవకముందే వెళ్ళి బాబాయ్‌ని స్టోరు రూము తాళం అడిగాను. పాత రికార్డులు పదేళ్ళదాకా దాచాలని రూలు. గోడ పొడవునా అట్టల కట్టలు, దుమ్ము. ఏ సంవత్సరం కావాలని బాబాయ్ అడగలేదు. నిచ్చెన వేసుకుని తిన్నగా ఒక కట్ట దించి, తాడు విప్పి, ఒక రికార్డు తీసి, దుమ్ము తన చొక్కాకే తుడిచి నా చేతిలో పెట్టాడు.

"ఎప్పుడో అడుగుతావనుకున్నా" అన్నాడు.

నాలుగు లైన్ల కాగితం జతచేసి ఆ రికార్డు బల్ల మీద పెట్టాను. పెద్ద మేడమ్ అట్ట మీది పేరు చదివారు. నా మొహం చూశారు. మళ్ళీ పేరు చదివారు. పెన్ను తీసుకుని కవరింగ్ లెటరు మీద సంతకం పెట్టేశారు. బంగారం అనలేదు.

బోర్డు ఆఫీసుకి వెళ్ళేసరికి పదకొండున్నర. నత్త గేటు దగ్గరే ఉంది, లోపలికి రానంది. మూడో కౌంటరు వెనక, చిన్న గదిలో ఒక ఆఫీసరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని అన్నీ చదివారు. సీసా లేబులు భూతద్దం పెట్టి చూశారు. కొలతల కాగితం రెండుసార్లు చదివారు.

"ఈ అమ్మాయి ఫలితం ఆపుతాను. ముప్పయ్యో తారీకు లోపల మా మనిషి వచ్చి తన ఎదుట చేయించుకుంటాడు. ఎంత వస్తే అంత. పదకొండు వస్తే పదకొండే. ఆసుపత్రికి చూపించుకోవడానికి ఒక కాగితం ఇస్తాను, ఆగండి."

ఊపిరి పీల్చుకున్నాను.

"కానీ ఇది" అని రికార్డు మీద వేలు పెట్టారు. "తప్పు రీడింగు రాశానని ఒప్పుకున్నారు కదా, వీళ్ళ సర్టిఫికెట్టు సంగతి కూడా చూడాల్సి వస్తుంది. ఉద్యోగంలో ఉంటే అక్కడికీ రాస్తాం. ఈ మాట వాళ్ళకి తెలుసా?"

"తెలుసు సార్."

"ఎవరో చెప్తే కుదరదు. రాసిన మనిషి వచ్చి నా ఎదుట సంతకం పెట్టాలి."

నా సంచిలో పెన్ను దొరకలేదు. ఆయననే అడిగాను.

ఐదేళ్ళ కిందట నేను ఆ ల్యాబులో కిటికీ పక్క బల్ల దగ్గర పరీక్ష రాశాను, రోల్ నంబరు ఇరవై ఏడు. ఆ రోజు నా నీలం పోవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. నాలుగు అని రాశాను.